దుంగ మీద పాచి

మొన్నమొన్నటిదాకా ఈ మాటను కడుపులోనే దాచుకుని బతికాను. బతికానంటే, తిన్నాను, పడుకున్నాను, పిల్లలకు పాఠాలు చెప్పాను, రిటైరయ్యాను, శాలువా కప్పించుకున్నాను. ఆ శాలువా కప్పిన రోజున ఎవరో మైకులో "అబద్ధమెరగని టీచరమ్మ" అన్నారు. నాకు పొలమారింది. వయసు మీద పడిందనుకుని నలుగురూ నీళ్ళందించారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు. తెలిసినవాళ్ళకు చెబితే "పోనీలే టీచరమ్మా, మంచికే గదా చేసింటివి" అంటారు. ఆ "పోనీలే" నాకొద్దు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఎవరినీ అడగను. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి. కొన్నింటికి తల వంచుతాను, కొన్నింటికి మాత్రం చచ్చినా వంచను.

మా ఊరు జమ్మలమడుగు పక్కన. పేరు చెప్పను. అప్పట్లో ఊళ్ళో రెండు వీధులంటే రెండు పార్టీలు. పైవీధి ఒక నాయకుడి వెనక, కిందివీధి ఇంకో నాయకుడి వెనక. పైన ఆ నాయకులు కండువాలు మార్చుకున్నారు, ఒకే వేదిక మీద కూర్చున్నారు, ఒకరింటి పెళ్ళిలో ఒకరు భోంచేశారు. మా ఊళ్ళో మాత్రం సందె పడితే కిందివీధివాడు పైవీధిలోకి వచ్చేవాడు కాదు. బడిలో కూడా అంతే. పైవీధి పిల్లలు కిటికీ వైపు, కిందివీధి పిల్లలు గోడ వైపు. నేను ఎన్నిసార్లు కలిపి కూర్చోబెట్టినా, బెల్లు కొట్టేసరికి మళ్ళీ నీళ్ళూ నూనే.

మా తాత కాలంలో మిషనువాళ్ళు పెట్టిన బడి అది. మా ఇంట్లో తాత, నాన్న, నేను, అందరం అక్కడే చాక్‌పీసు పట్టాం. నా తరగతిలో చెన్నకేశవ అని ఒక పిల్లవాడుండేవాడు. నెమ్మదస్తుడు. వాడి చొక్కా అంచు పట్టుకుని తమ్ముడు ఓబులేసు వచ్చేవాడు. ఇంకా బడిలో వేసే వయసు కాదు, అయినా గడప దగ్గర కూర్చుని పాఠం వినేవాడు. వాళ్ళ నాయనను పట్టపగలు, బస్సు దిగినచోటనే నరికారు. నరికినవాడు కిందివీధి సుబ్బన్న. అది ఊరందరికీ తెలుసు, కోర్టుకు తప్ప. సాక్షులు నోరు విప్పలేదు. సుబ్బన్న తిరిగొచ్చి, మా బడికి ఎదురుగా ఉన్న టీబంకు దగ్గర రోజూ కూర్చునేవాడు. పిల్లలిద్దరూ అతని ముందునుంచే బడికి రావాలి.

వాళ్ళమ్మ నారాయణమ్మ ఇంట్లో ఒక తువ్వాల ఉండేది. ఆ రోజు మొగుడి భుజం మీద ఉన్నదే. దాన్ని ఉతకలేదు. అలాంటి ఇళ్ళలో ఉతకరు, ఉతికితే పగ వదులుకున్నట్టు. ఏటా సంవత్సరీకం రోజున పెట్టెలోంచి తీసి పెద్దకొడుకు చేతుల్లో పెట్టి, "ఇది ఎవరిదిరా?" అని అడిగేది. "నాయనది" అనాలి. "నువ్వేం జేస్తావు?" అని అడిగేది. దానికి చెప్పాల్సిన జవాబు ఎక్కాలకంటే ముందే నేర్పారు వాడికి. ఆ తల్లిని నేను తప్పు పట్టను. నా మొగుడు మంచం మీద, నా చేత్తో నీళ్ళు తాగి పోయాడు. ఆమె మొగుడు నడిరోడ్డు మీద పోయాడు. నాకేం తెలుసు ఆమె మంట?

ఒక ఏడు క్రిస్మస్ సెలవులకు మా తమ్ముడు కువైట్ నుంచి వచ్చాడు. వీసీఆర్ తెచ్చాడు, దాంతోపాటు పిల్లల బొమ్మల సినిమా క్యాసెట్టు ఒకటి. మాటలు ఇంగ్లీషు. తెర కింద అరబ్బీ అక్షరాలు. వాటిని మా పిల్లలు "చీమలు" అనేవారు. మధ్యాహ్నం పూట చర్చి హాల్లో కిటికీలకు కంబళ్ళు కట్టి, టీవీ పెట్టాం. రెండు వీధుల పిల్లలూ వచ్చారు. బొమ్మల సినిమాకు పార్టీ లేదు గదా. నేను టీవీ పక్కన నిలబడి ప్రతి మాటా తెలుగులో చెప్పాను. చిరుతకు ఒక గొంతు, దున్నకు ఒక గొంతు, కోతికి మా ప్రొద్దుటూరు బస్సు కండక్టరు గొంతు. పిల్లలు నేలమీద పడి నవ్వారు. గొప్పలు చెప్పుకుంటోందనుకుంటే అనుకోండి, బాగా చెప్పాను.

కథ ఇది. అడవిదున్నల మందకు పెద్దను ఒక చిరుత చంపేస్తుంది. దాని దూడ పారిపోయి, ఎక్కడో పెరిగి, కొమ్ములొచ్చాక తిరిగొస్తుంది. ఆఖరున ఏరు పొంగుతూ ఉంటుంది. ఏటికి అడ్డంగా ఒక దుంగ. ఆ దుంగకు ఈ కొసన దూడ, ఆ కొసన చిరుత. అంతకుముందు రోజే ఇంట్లో చూశాను కాబట్టి ఏం జరుగుతుందో నాకు తెలుసు. దూడ తల వంచుతుంది, చిరుతను కొమ్ములతో ఎత్తి ఏట్లోకి తోసేస్తుంది. ఆపైన మందంతా సంబరం.

దుంగ కనబడగానే చెన్నకేశవ లేచి నిలబడ్డాడు. కేకలేమీ వేయలేదు. చేతులు రెండూ పిడికిళ్ళు బిగించి నిలబడ్డాడు. నేను వాడి ముఖం చూశాను. మిగతా పిల్లలు సినిమా చూస్తున్నారు. వీడు చూడడం లేదు, నేర్చుకుంటున్నాడు. వాళ్ళమ్మ అడిగే రెండో ప్రశ్నకు ఇప్పుడు తెర మీద జవాబు రాబోతోంది.

ఆలోచించి చేశానని చెప్పను. ఆలోచించకుండా చేశానని చెప్పి తప్పించుకోను. క్యాసెట్టు పాతది, తెరమీద గీతలు వస్తూనే ఉన్నాయి, అప్పటికే రెండు మూడుసార్లు వంగి మీట తిప్పాను. మళ్ళీ వంగాను. కొంగు పరిచినట్టు టీవీకి అడ్డం వచ్చాను. నా వెనక నీళ్ళచప్పుడు వినబడింది. "దుంగ మింద పాచి ఉండాది" అన్నాను. "చిరుత కాలు జారింది. ఏట్లో పడిపాయ. దూడ ఏమీ జేయలా. దానికి చేయాల్సిన పనే లేకపాయ." నేను పక్కకు జరిగేసరికి తెరమీద ఉత్త నీళ్ళు మిగిలాయి.

అప్పుడు టీవీ బల్లకు ఆనుకుని, నా కాళ్ళ పక్కనే కూర్చున్న ఓబులేసు లేచాడు. వాడు కూర్చున్నచోటికి నా కొంగు అడ్డం రాలేదు.

"తోసింది! కొమ్ముతో తోసింది! నేను జూసినా!"

హాలంతా నావైపు తిరిగింది. చెన్నకేశవ ముందుకొచ్చాడు.

"ఏంది టీచరమ్మా, తోసిందా? జారిందా?"

"జారింది నాయనా."

"మరి ఈడు తోసిందంటాండాడే?"

"పసోడు. నిద్దరమత్తులో ఏం జూసినాడో."

"నేనేం నిద్దరపోలా!" ఓబులేసు గొంతు ఏడుపులోకి దిగింది. "కండ్లారా జూసినా!"

చెన్నకేశవ నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. లాక్కెళ్ళి తమ్ముడి తలమీద పెట్టాడు. "మా ఓబులేసు మింద ఒట్టుపెట్టి చెప్పు టీచరమ్మా. జారిందా?"

ఒట్టంటే మా సీమలో ఆటకాదు. ఎవరి తలమీద చెయ్యిపెట్టి అబద్ధమాడితే చెడు వాళ్ళకే తగులుతుందని మాటలొచ్చిన ప్రతి పిల్లకూ తెలుసు. నాకు నమ్మకం లేదు. అసలు ఒట్టే పెట్టరాదని చర్చిలో చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. ఇదంతా మూఢనమ్మకమని బడిలో చెప్పేదాన్ని కూడా. కానీ నా అరచేతి కింద ఆ తల వెచ్చగా ఉంది. నూనె లేని జుట్టు, గరుగ్గా ఉంది. వాడు తలెత్తి నన్నే చూస్తున్నాడు. ఆ హాల్లో నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ వాడూ. నేను అబద్ధమాడబోతున్నానని వాడికి తెలుసు. అయినా తల తీయలేదు. టీచరమ్మ కదా, తలమీద చెయ్యిపెట్టాక నిజమే చెబుతుందనుకున్నాడేమో.

"ఒట్టు" అన్నాను. "జారింది."

ఆ సాయంత్రానికే పిల్లలు వాడికి పేరు పెట్టేశారు, అబద్ధాల ఓబులేసు. ముందు పిలిచింది సొంత అన్నే. నేను విన్నాను. వద్దనలేదు. ఎట్లా అంటాను? తర్వాత వాడు నా తరగతికే వచ్చాడు. పలక పగలగొట్టిందెవరని అడిగితే వాడు నిజమే చెప్పేవాడు, తరగతంతా నవ్వేది. యథార్థవాది లోకవిరోధి అంటారు. ఆ పసివాణ్ణి లోకానికి విరోధిని చేసిందాన్ని నేనే. పదిమందిలో ఎప్పుడైనా నాకేసి చూసేవాడు, ఇప్పుడైనా చెబుతావా అన్నట్టు. నేను బోర్డు వైపు తిరిగేదాన్ని.

చెన్నకేశవ మాత్రం నా మాట గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాతి సంవత్సరీకానికి తువ్వాల చేతుల్లో పెట్టి వాళ్ళమ్మ "నువ్వేం జేస్తావు?" అని అడిగితే, "నేనేం జేయను మా. ఆ సుబ్బన్నే జారతాడు" అన్నాడట. చెంప పగలగొట్టింది. మరుసటేడూ అదే మాట, అదే దెబ్బ. మీసాలొచ్చాక మేనమామలు చేతిలో కొడవలి పెట్టబోతే, పారేసి ప్రొద్దుటూరు పోయాడు, బట్టలకొట్లో పనికి కుదిరాడు. "ఆడంగోడు" అని ఊరు ఉమ్మేసింది. నాకైతే ఆ రోజు పండగ. చర్చిలో మోకరించి స్తోత్రం చెప్పుకున్నాను. ఒకణ్ణి బతికించానని ఎంత పొంగిపోయానో!

ఒక సంగతి మరిచాను. ఆ ఇంట్లో కొడుకులు ఇద్దరు. తువ్వాలకు పెద్దకొడుకే కావాలని పట్టింపు లేదు.

ఓబులేసు దాన్ని తీసుకున్నాడు. ఎన్నికల రోజుల్లో ఒకనాడు సుబ్బన్న మీదికి పోయాడు. అవతలివాళ్ళు ముందే కాచుకుని ఉన్నారు. జమ్మలమడుగు ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది. నేను పోయి తలదగ్గర కూర్చున్నాను. అందరూ వచ్చి ఆ తల నిమిరి ఏడుస్తున్నారు. నేను నిమరలేదు. చెయ్యి లేవలేదు.

ఒట్టు చంపిందా వాణ్ణి? లేదు. కొడవళ్ళు చంపాయి, ఊరు చంపింది, తువ్వాల చంపింది, ఒక్కో కండువాకు ఒక్కో ధర్మం చెప్పిన పెద్దమనుషులు చంపారు. వాళ్ళెవరూ ఇలా కూర్చుని రాయరు. మొత్తం నా నెత్తిన రుద్దాలని చూస్తే ఒప్పుకోను. కానీ నా మనసు ఊరుకుంటుందా? చిన్నప్పటినుంచీ ఏది చెప్పినా నవ్వులపాలైనవాడు, చూసింది చూశానని చెప్పి అబద్ధాలకోరు అనిపించుకున్నవాడు, జారదు, తోయాల్సిందే అని ఊరందరికీ చూపించడానికే పోయాడేమోనని అనిపించినప్పుడు నేనేం జవాబు చెప్పుకోవాలి? ఇక సుబ్బన్నంటారా, జారలేదు మహానుభావుడు. షుగరుతో ముసలివాడై, కడపలో మనవల మధ్య మంచంమీద పోయాడు. ఏ పాచీ ఆయన కాలికిందికి రాలేదు.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో కూతురి దగ్గరుంటున్నాను. చెన్నకేశవకు ఇక్కడే సొంత బట్టల కొట్టుంది. ప్రతి క్రిస్మస్‌కూ చీర పట్టుకుని వస్తాడు. ఆమధ్య ఒకరోజు తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "టీచరమ్మా, మీరు చెప్పిన దున్నల సినిమా మళ్ళా వచ్చిండాది. ఈసారి బొమ్మలు గాదంట, నిజం జంతువుల మాదిరే తీసినారంట. తెలుగులోనే మాట్లాడతాండాయంట. లెయ్యండి, పోదాం."

మోకాళ్ళ నొప్పులంటే వదిలేవాడే. అయినా పోయాను. ఎందుకంటే, నేను చెప్పలేనిదాన్ని సినిమానే చెప్పేస్తుందిలే అనుకున్నాను. ఎంత పిరికిదాన్నో చూడండి.

హాల్లో ఏసీ చలి. దున్నల ఒంటిమీద వెంట్రుక వెంట్రుకా కనబడుతోంది. చిరుత పట్నం తెలుగు మాట్లాడుతోంది. పక్కన నిలబడి చెప్పేవాళ్ళతో పనిలేదు. ఏరు పొంగింది. దుంగ వచ్చింది. చెన్నకేశవ ముందుకు వంగాడు. నేను కుర్చీ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకోబోయాను. అప్పుడు చూశాను.

దుంగమీద పాచి ఉంది.

పచ్చగా, దగ్గరగా చూపించారు. చిరుత దూకింది, కాలు జారింది, ఏట్లో పడింది. అంతటితో ఆగారా? దూడ దాన్ని కాపాడాలని ముందుకు కూడా ఉరికింది! ఓరి దేవుడా, నేను కూడా అంతదూరం పోలేదు! ఇంటికొచ్చి అడిగితే మా అల్లుడు చెప్పాడు, ఈ కాలం పిల్లల సినిమాల్లో మంచివాళ్ళ చేత చంపించరట, తల్లిదండ్రులు ఒప్పుకోరట, అందుకని పాత కథను మార్చారట.

చూశారా న్యాయం! వాళ్ళు మారిస్తే కొత్త సినిమా, నేను మారిస్తే అబద్ధం. వాళ్ళకు ఊరంత మంది పనివాళ్ళు, నాకు ఒక చీరకొంగు. మా ఊరి పిల్లలకు ఏది చూపించకూడదో నాకు అప్పుడే తెలిసింది, వాళ్ళకు ఇప్పుడు తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియక చీకట్లో కూర్చున్నాను. ఒక్క తేడా మాత్రం ఉంది. వాళ్ళను ఎవరూ ఏ పిల్లవాడి తలమీదా చెయ్యి పెట్టమని అడగలేదు.

చెన్నకేశవ నా చెయ్యి పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు. "మీరు జెప్పిందే నిజం టీచరమ్మా. మా ఓబులేసు సచ్చేదాకా తోసింది తోసిందని నాతో కొట్లాడినాడు. ఒగోసారి నాకు గూడా అనుమానం వచ్చాండె. పాపం, ఒగ అబద్దం పట్టుకోని పాయ నా తమ్ముడు."

లైట్లు వెలిగాయి. "ఓబులేసు ఎవరు నాయనా?" అని కూతురడిగింది.

"మీ చిన్నాయన, పాపా. శానా అబద్దాలు జెప్పేటోడు" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు చెన్నకేశవ.

బయటికొచ్చాక ఐస్‌క్రీము కొనిచ్చాడు. తిన్నాను.

ఆ రాత్రి నన్ను నేనే నిలదీసుకున్నాను. దేనికే నీ బాధ? టీవీకి అడ్డం నిలబడినందుకా? కాదు. మళ్ళీ ఆ హాలు, ఆ పిడికిళ్ళు బిగించిన పిల్లవాణ్ణి నా ముందు పెట్టండి, మళ్ళీ వంగుతాను, మళ్ళీ జారిందనే చెబుతాను. పాస్టరయ్య అడిగినా ఇదే చెబుతాను, తీర్పు రోజున పైవాడు అడిగినా ఇదే చెబుతాను. నా తప్పు అది కాదు. ఓబులేసును పక్కకు పిలిచి, "నువ్వు జూసింది నిజమేరా, కానీ నీలోనే ఉంచుకో" అని ఒక్కమాట చెప్పి ఉండొచ్చు. అన్నకంటే ముందే వాడికి అర్థమయ్యేది. అలా చేయలేదు. వాడు చిన్నవాడు. చిన్నవాడి మాట ఎవరూ నమ్మరు. అది నాకు తెలుసు, టీచరును గదా. తెలిసే వాడి తలమీద చెయ్యి ఉంచాను. ఒకణ్ణి కాపాడడానికి ఇంకొకణ్ణి ఖర్చు పెట్టాను.

ఆ క్యాసెట్టు ఎప్పుడో బూజుపట్టి పోయింది. పాత సినిమా కోసం ఎవరూ వెతకరు. అంటే నేను పోతే, ఓబులేసు అబద్ధాలవాడిగానే మిగిలిపోతాడు. పోయినవాడు పోయాడు, ఆ పేరు మాత్రం అన్న కూతురిదాకా వచ్చేసింది.

మరుసటిరోజు పొద్దున్నే కొట్టుకు పోయాను. చెన్నకేశవ ఎవరికో గుడ్డ కొలుస్తున్నాడు. కూతురు గల్లా దగ్గర కూర్చుని ఉంది. నిలబడే చెప్పాను. వాడి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఒట్టు పెట్టింటిరే?"

"పెట్టినా."

"మావోని తలమింద."

"మీవోని తలమిందనే. వాడు జూసిందే నిజం. నేను అబద్దమాడినా. సినిమావోళ్ళు ఇప్పుడు మార్చినారు."

వాడు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గజంబద్ద బల్లమీద పెట్టాడు. తర్వాత కూతురివైపు తిరిగాడు. "పాపా, నేను నిన్న జెప్పింది తప్పు. మీ చిన్నాయన అబద్దాలోడు గాదు. శానా మంచోడు." మళ్ళీ గుడ్డ అందుకుని, కొలిచి, చించి, మడిచి ఇచ్చాడు. నన్ను కూర్చోమనలేదు. పొమ్మనలేదు. కాసేపు నిలబడి, మెట్లు దిగి వచ్చేశాను.

ఈ క్రిస్మస్‌కు వాడు రాలేదు. చీర రాలేదు. రాకపోతే రాకపోనీ. వాడికి ఆ హక్కుంది. నేను వాడికి ఒక ప్రాణం మిగిల్చాను, ఒక తమ్ముణ్ణి దూరం చేశాను. ఒకదానికొకటి చెల్లని లెక్క అది.

అయినా ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు ఆ హాల్లో ఇంకా చాలామంది పిల్లలున్నారు. కిటికీ వైపువాళ్ళు, గోడ వైపువాళ్ళు. ఇప్పుడు ఎక్కడెక్కడో ఉంటారు, నడివయసు వచ్చి ఉంటుంది. అబద్ధాల ఓబులేసు అని వాడి వెంటపడి అరిచింది మీరే. మీ తప్పు లేదు, మీకు పాఠం చెప్పింది నేను. మీలో ఎవరైనా దీన్ని చదువుతుంటే, ఆ పాఠం కొట్టేసి ఇది రాసుకోండి. దుంగమీద పాచి లేదు. దూడే తోసింది. ఓబులేసు చూశాడు.